ఒక్క వారానికని పెట్టిన కాగితాలు

మొన్న ఇక్కడ ఫిజీలో, మా తెలుగు సంఘం హాల్లో, సర్కారు ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలు కొందరు నా చుట్టూ చేరారు. "అంకుల్, మీ సర్వీసులో అన్నిటికంటే కష్టమైన పని ఏది?" అని అడిగారు. వరదల గురించో తుపానుల గురించో చెప్తాననుకున్నారు. "ఒక గది ఖాళీ చేయడం" అన్నాను. వాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ గది తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెవులు వేడెక్కుతాయి. అందుకే రాస్తున్నాను. మీలో ఎవరికైనా రేపు రికార్డుల బాధ్యత అప్పగిస్తే అక్కరకు రావచ్చు.

నేను పెద్ద చదువులు చదవలేదు. స్కూలు మధ్యలో మానేసి నవువా పట్నంలో ఒక బియ్యం మిల్లులో తూకం దగ్గర చేరాను. నాకు వచ్చిన లెక్కలన్నీ అక్కడ ముల్లు చూసి నేర్చుకున్నవే. తర్వాత పొలాల కాలువలూ గట్లూ చూసే శాఖలో గుమాస్తానయ్యాను. లెక్క తప్పడు అని పేరు రావడంతో, ఎవరికీ అక్కర్లేని పనులన్నీ నా బల్ల మీదికి రావడం మొదలైంది. వాటిలో ఒకటి పాత రికార్డులు.

మా రికార్డులు మా ఆఫీసులో లేవు. నది వెంట పైకి వెళ్తే మిట్ట మీద ఒక ఫిజీ గ్రామం, అంటే ఈ నేల మీద మొదటి నుంచీ ఉన్నవాళ్ళ ఊరు, ఉంది. అక్కడ ఒక గదిలో ఉన్నాయి. ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఒక వరదకు మా ఆఫీసు కింది గదుల్లోకి నీళ్ళొచ్చాయట. అప్పటి ఆఫీసరు తడిసిన కట్టలన్నీ పడవల్లోకి ఎక్కించి, ఆ ఊరివాళ్ళను అడిగి, వాళ్ళ గదిలో పెట్టించాడు. ఒక్క వారం అన్నాడు. నర్సు వచ్చినప్పుడు కూర్చోవడానికని ఊరివాళ్ళు చెమటోడ్చి కట్టుకున్న గది అది. వారం తిరక్కముందే ఆ ఆఫీసరుకు బదిలీ అయింది. తర్వాత వచ్చినాయనకు ఈ సంగతి తెలియదు. ఆ తర్వాత వచ్చినాయనకు తెలిసింది గాని, తెలియనట్టు ఉండడం మేలని కూడా తెలిసింది. గదికి మా తాళం, మా సీలు. అలా ఇరవై ఏళ్ళు దాటాయి.

నేను మొదటిసారి వెళ్ళిన రోజు వాన పడుతోంది. గది వరండాలో తల్లులు చంకల్లో పిల్లలతో వరసగా నిలబడి ఉన్నారు. ఆ ఊరి నర్సు, అందరూ సిస్టర్ అంటారు, వరండా దూలానికి వేలాడదీసిన త్రాసులో పిల్లల్ని తూస్తోంది. గాలికి త్రాసు ఊగుతోంది. ముల్లు అటొకసారి ఇటొకసారి పోతోంది. ఆమె దాని వంక చూసి, నడుమ ఎక్కడో ఒక అంకె ఎంచుకుని రాసుకుంటోంది.

మిల్లులో పెరిగినవాణ్ణి. ఊగే ముల్లు చూస్తే నాకు పళ్ళు పులుస్తాయి.

"సిస్టర్, అది తూకం కాదు" అన్నాను.

"తెలుసు బోసో" అంది. ఫిజీవాళ్ళు ఆఫీసువాళ్ళను బోసో అంటారు. గౌరవంతోనా వెటకారంతోనా అన్నది గొంతును బట్టి తెలుసుకోవాలి. "ఈ పాపను చూడు. పోయిన నెలకంటే పావు కిలో తగ్గిందో పెరిగిందో నాకు తెలియాలి. తగ్గితే వాళ్ళమ్మ పాలు చాలడం లేదు. నేను ఏదో ఒకటి చేయాలి. ఆ పావు కిలోను గాలి తినేస్తోంది. నేనేం చేయను?"

ఆమె మా తాళం వైపు చూసింది.

"లోపల పడుకున్న మీ కాగితాలను ఎవరైనా తూస్తున్నారా?"

"లేదు."

"మరి వాటిని లోపల పెట్టి, నా పిల్లల్ని బయట నిలబెట్టారేం?"

దీనికి జవాబు మా శాఖలో ఎవరి దగ్గరా లేదు. ఉంటే నా దగ్గరికి వచ్చేది కాదు.

గది తెరిచాను. గుమ్మంలోనే బూజు వాసన ముఖాన కొట్టింది. చెక్క అరలు ఒకదానికొకటి తాళ్ళతో కట్టి ఉన్నాయి. నేల ఒక మూల కుంగింది. ఒక కట్ట లాగితే పక్క అర వాలిపోతోంది. వాలిన అరను భుజంతో ఆపి, కట్టను మళ్ళీ దాని చోట పెట్టి, తాళం వేసి బయటికి వచ్చాను. అక్కడే నా కష్టాలు మొదలయ్యాయి.

రికార్డుల విషయంలో నియమం చిన్నదే. పాత కాగితాలు మూడు రకాలు: తగలబెట్టవలసినవి, ఇంకొన్నేళ్ళు దాచవలసినవి, ఎప్పటికీ ఉంచడానికి రాజధాని సువాకు పంపవలసినవి. ఏ కట్ట ఏ రకమో జాబితా రాసి పంపితే పైవాళ్ళు అనుమతి ఇస్తారు. అనుమతి రానిదే కట్టను కదిలించకూడదు. బాగుంది. కానీ కట్టను కదిలించకుండా లోపల ఏముందో ఎలా చూడడం? ఆ గదిలో కూర్చోవడానికి చోటు లేదు, వెలుతురు లేదు, నేల మీద నమ్మకం లేదు. ముందు బయటికి తెస్తాం, తర్వాత జాబితా రాస్తాం అని హెడ్డాఫీసుకు రాశాను. జాబితా లేకుండా తేవడం నియమ విరుద్ధం అని జవాబు వచ్చింది. తేకుండా జాబితా అసాధ్యం అని మళ్ళీ రాశాను. మీ మొదటి ఉత్తరానికి మేమిచ్చిన జవాబు చూడండి అని వచ్చింది.

ఊళ్ళల్లో ఏ పనైనా ఆలస్యమైతే మనవాళ్ళు "మాలువా" అని ఎగతాళి చేస్తారు. మాలువా అంటే మెల్లగా, తర్వాత చూద్దాం అని. అది ఫిజీవాళ్ళ జబ్బని మన మిల్లుల్లోనూ దుకాణాల్లోనూ అనుకుంటూ ఉంటాం. మా హెడ్డాఫీసు మెట్లెక్కినవాడు ఆ మాట ఇంకెవరి మీదా అనడు.

మిల్లులో బస్తా వడ్లు ఎలాంటివో తెలుసుకోవడానికి బస్తా అంతా విప్పం. మొన ఉన్న ఇనప గొట్టం నాలుగుచోట్ల గుచ్చి, వచ్చిన గింజలు అరచేతిలో పోసుకుని చూస్తాం. అలాగే అరకు కొన్ని కట్టలు చూసి అర మొత్తానికి రకం నిర్ణయిస్తాను అని సువాలో రికార్డులు చూసే ఆఫీసరుకు ఫోను చేశాను. ఆయన నాకంటే చిన్నవాడు. ఆయన తాతలు కూడా మనవాళ్ళే. ఆయనకు తెలుగు పోయింది, 'అన్నా' అన్న ఒక్క మాట మిగిలింది. దాన్ని మాత్రం ధారాళంగా వాడేవాడు.

"అన్నా, బస్తాలో అన్నీ వడ్లే ఉంటాయి. ఒక కట్టలో విత్తనాల రసీదులుండి, పక్క కట్టలో గట్ల సర్వే పటం ఉంటే?"

నిజమే. ఒప్పుకున్నాను.

"తడిసిన వైపు నుంచి కూడా తీసి చూడు. పటం ఒక్కటి కనబడినా ఆ అర అంతా నాకు పంపు. తగలబెట్టకు" అన్నాడు. తర్వాత, "కట్టలు బయటికి తెచ్చుకో. నేను సరే అంటున్నాను" అన్నాడు.

"అది రాసి పంపండి."

"నోటితో అయితే సరే అంటాను అన్నా. రాస్తే, ఎందుకు రాశావని నా పైవాడు అడుగుతాడు."

మంచివాడు. సర్కారులో మంచివాళ్ళు చాలామందే ఉంటారు. వాళ్ళ మంచితనమంతా ఫోనులోనే ఉంటుంది.

నోటిమాటే చాలనుకుని బయల్దేరాలనుకున్నాను. ఇక రోజు ఎంచుకోవాలి. ఆదివారం ఊళ్ళో ఎవరూ చెయ్యి కదపరు, అందరూ చర్చిలో ఉంటారు. శనివారం మా లారీ డ్రైవరుకు చర్చి, ఆయనది ఆ రోజునే ప్రార్థన దినంగా పాటించే క్రైస్తవ సంప్రదాయం. బుధవారం సిస్టర్ పిల్లల్ని తూచే రోజు. సోమవారం లారీ సువాకు పోతుంది. శుక్రవారం జీతాల లెక్క నా మెడ మీద ఉంటుంది. మంగళవారం ఏ పనీ మొదలుపెట్టవద్దని మా ఆవిడ ఖండితంగా చెప్పింది. అందుకని గురువారం. ముందుగా ఊరి పెద్దకు ఆఫీసు కాగితం మీద ఉత్తరం పోస్టు చేశాం, ఫలానా రోజు శాఖవారు గది ఖాళీ చేయుదురు అని.

వెళ్ళాం. ఊరి పెద్ద తరఫున మాట్లాడే ఆయన ఎదురొచ్చాడు. భారీ మనిషి, తల నెరిసింది, మాట మెత్తన. బులా అని పలకరించాడు. టీ ఇప్పించాడు. లారీ ఎక్కడ తిప్పుకోవాలో చూపించాడు. గది మాట ఎత్తితే మాత్రం, "ఇవాళ కాదు" అన్నాడు.

"ఎందుకు?"

"మాలువా" అని నవ్వాడు.

"గది మీదే. ఖాళీ చేసి ఇస్తామంటున్నాం. మీ సిస్టరే అడుగుతోంది."

"అవును, అడుగుతోంది" అని మళ్ళీ టీ పోయించాడు.

ఖాళీ లారీ వెనక్కి తిప్పాం. దారిలో నేను గొణుగుతూనే ఉన్నాను. డ్రైవరు ఫిజీవాడే, ఇంకో దీవిలోని సావుసావు వైపు మనిషి. నవ్వు ఆపుకోలేక స్టీరింగు మీద వాలిపోయాడు.

"భయ్యా, మీవాళ్ళలో పెళ్ళికూతుర్ని అడగాలంటే పోస్టులో చీటీ పంపుతారా?"

అప్పుడు అర్థమైంది. ఫిజీ గ్రామంలో అడుగు పెట్టేవాడు ముందు యంగోనా వేళ్ళ కట్ట, దంచి నీళ్ళలో కలుపుకుని తాగేది, తెచ్చి పెద్దల ముందు పెట్టి, వచ్చానని చెప్పుకోవాలి. దాన్ని సెవుసెవు అంటారు. ఇది ఈ దేశంలో బడికి వెళ్ళే పిల్లకు కూడా తెలుసు. చేపలు పట్టుకోవడానికి వెళ్ళినప్పుడు నేనూ ఎన్నోసార్లు పట్టుకెళ్ళి పెట్టాను. కానీ సర్కారు లారీ ఎక్కేసరికి, సర్కారుకు ఉత్తరం చాలనిపించింది. మా ఆఫీసు మొత్తంలో ఒక్కరికీ తట్టలేదు. తట్టిన డ్రైవర్ని ఎవరూ అడగలేదు.

"ముందే చెప్పొచ్చుగా" అన్నాను.

"నువ్వు ఉత్తరం రాశావుగా. ఇంగ్లీషు బాగుంది. ఎందుకు పాడుచేయడం?"

యంగోనా కొనడానికి బిల్లు పెడితే, అకౌంట్స్ ఆయన "ఏ పద్దు కింద?" అన్నాడు. విందుల పద్దు మా స్థాయికి లేదు. స్టేషనరీ అనడానికి అది మొక్క వేరు. ఆ పద్దు తేలేసరికి ఇంకో వరద వచ్చేలా ఉంది. నేనే బజారుకు వెళ్ళి ఒక మంచి కట్ట కొన్నాను.

మళ్ళీ గురువారం. ఈసారి ఊరి సభా గృహంలో చాపల మీద కూర్చున్నాం. ఊరి పెద్ద ఎదురుగా ఉన్నాడు, ఆయన పక్కన ఆ భారీ మనిషి. ఒక వైపు ఆడవాళ్ళు, వాళ్ళలో సిస్టర్. మా తరఫున డ్రైవరు మాట్లాడాలి. అయితే ఆయన తల్లి ఊరికీ ఈ ఊరికీ తాతల నాటి నుంచి పరిహాసాల చుట్టరికం ఉంది. ఒకళ్ళనొకళ్ళు ఎంత మాటైనా అనుకోవచ్చు, ఎవరూ కోపం తెచ్చుకోకూడదు. ఆయన నోరు తెరవగానే వెనక నుంచి, "సావుసావులో లారీలు నడపడం కొబ్బరికాయలు నేర్పాయా?" అని ఒక గొంతు. నవ్వులు. ఆయన అదేమీ పట్టించుకోకుండా కట్టను రెండు చేతులా ముందు పెట్టి, శాఖవారు గది విడిచి వెళ్తున్నారు, సెలవు ఇప్పించండి అని పద్ధతిగా చెప్పాడు. వెళ్ళేటప్పుడు పెట్టే యంగోనాకు కూడా ఒక పేరుంది, తతావు అంటారు.

భారీ మనిషి కట్టను ముట్టుకోలేదు.

"వెళ్ళడానికి సెలవు అడుగుతున్నారు" అన్నాడు. "మంచిది. కానీ మీరు ఎప్పుడు వచ్చారు?"

నేను వరద సంగతి మొదలుపెట్టాను. ఆయన చెయ్యెత్తాడు.

"వరద నాకు గుర్తుంది. మీ కట్టలు మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను. నీళ్ళు వచ్చాయి. కాగితాలు వచ్చాయి. ఒక వారమే కదా అని మనుషులు రాలేదు. ఈ చాప మీద ఎవరూ కూర్చోలేదు. రానివాళ్ళు ఎలా వెళ్తారు?"

ఆడవాళ్ళ వైపు నుంచి నవ్వు మొదలై ఇల్లంతా పాకింది. ఆయన నవ్వలేదు. ఆయన వేళాకోళం ఆడటం లేదని నాకు తెలుసు. లెక్క ప్రకారం ఆయన చెప్పింది సరే. జమ రాయకుండా ఖర్చు రాస్తే మా మిల్లులో కూడా ఒప్పుకునేవారు కాదు.

"అయితే ఇది రావడానికి" అన్నాడు డ్రైవరు, కట్టను ఇంకొంచెం ముందుకు జరిపి. "వెళ్ళడానికి ఇంకోటి తెస్తాను. మా చుట్టాలకు దాహం ఎక్కువని మా అమ్మ చెప్తూనే ఉండేది."

ఈసారి భారీ మనిషి కూడా నవ్వాడు. కట్ట ముట్టుకున్నాడు. అరచేతులు గుండ్రంగా చేసి అందరూ చప్పట్లు కొట్టారు. మా శాఖ అలా ఇరవై ఏళ్ళ తర్వాత ఆ ఊరికి వచ్చి చేరింది. డ్రైవరు రెండో కట్ట కోసం నవువా బజారుకు లారీ తీశాడు.

నేను ఉసూరుమంటూ లేచి, ఆయన వచ్చేలోగా కొన్ని కట్టలైనా గుమ్మం దాకా చేరుద్దామని గది వైపు నడిచాను. భారీ మనిషి నా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు.

"ఇప్పుడు నువ్వు అతిథివి. అతిథి మోయడు."

ఊరి కుర్రాళ్ళు మోశారు. అరలు విప్పి, ఏ అర కట్టలు ఆ అరవిగా సభా గృహంలో చాపల మీద పరిచారు. నాకు అప్పటిదాకా దొరకనిది అదే, పరుచుకోవడానికి పొడి నేల. ఇంకా వెళ్ళలేదు కనుక కాగితాలు ఊరు దాటలేదు. వచ్చాం కనుక కూర్చోవడానికి చోటుంది. నేను చాప వెంట చాప కదులుతూ, ప్రతి అరకూ పొడి వైపు కొన్ని, తడి వైపు కొన్ని విప్పి చూసి రకం రాసుకున్నాను. ఆడవాళ్ళు అతుక్కుపోయిన పుటలను చాపల ఆకు విడదీసినంత నేర్పుగా విడదీశారు. మధ్యమధ్య ఎవరో ఒకరు కొబ్బరి చిప్పతో యంగోనా అందించేవారు. నాలుక మొద్దుబారింది గాని చేతిరాత నిలిచింది. రెండు అరల్లో సర్వే పటాలు కనబడ్డాయి, తడి వైపే. సువా ఆఫీసరు మాట నిజమైంది. నెలల తరబడి ఉత్తరాలు నడిపినా రాని జాబితా ఆ మధ్యాహ్నానికి తయారైంది.

డ్రైవరు రెండో కట్టతో వచ్చాడు. తతావు జరిగింది. భారీ మనిషి జవాబు చెప్పాడు. మీ కాగితాలు మా ఊళ్ళో తడిశాయి, మా చెదలు వాటిని తిన్నాయి, సరిగ్గా చూసుకోలేకపోయాం, మన్నించండి అన్నాడు. వెళ్ళే అతిథికి అలా చెప్పడం వాళ్ళ మర్యాద. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తాళమూ తాళంచెవీ సిస్టర్ చేతిలో పెట్టాను.

ఆమె లారీ కదిలేదాకా కూడా ఆగలేదు. గది ఊడ్పించి, త్రాసును లోపలి దూలానికి తగిలించింది.

"బోసో, అది తూకం కాదన్నావుగా. ఇప్పుడు చూడు" అంది.

దుకాణంలో కొన్న, సీలు విప్పని పంచదార సంచి త్రాసులో పెట్టించాను. ముల్లు సంచి మీద రాసిన అంకె దగ్గరికి వెళ్ళి ఆగింది. ఊగలేదు. ఆ పాపను వాళ్ళమ్మ అప్పటికే ఎత్తుకొచ్చింది. సిస్టర్ తూచింది, ఒకసారి, మళ్ళీ ఒకసారి. రెండుసార్లూ ఒకటే అంకె.

"తగ్గింది" అంది సిస్టర్. తల్లిని పక్కకు కూర్చోబెట్టి, మాతో వెళ్ళిరండి అని కూడా అనకుండా, ఆమెతో మాట్లాడడం మొదలుపెట్టింది.

జాబితా సువా ఆఫీసరుకు పంపాను, కాగితాలు మా ఆఫీసుకు వచ్చాయి. పెట్టడానికి చోటు నా గది ఒక్కటే. నా బల్ల వరండాలోకి వెళ్ళింది. కొన్ని సువా చేరి, కొన్నిటికి తగలబెట్టే అనుమతి వచ్చేదాకా నేను వరండాలోనే పనిచేశాను. వాన జల్లు కొడితే బల్ల జరుపుకునేవాణ్ణి. ఒకసారి మందుల కోసం పట్నం వచ్చిన సిస్టర్ నన్ను చూసింది.

"బోసో, గాలికి నీ కాగితాలు ఎగురుతున్నాయి. లోపల కూర్చోరాదూ?"

"లోపల ఎవరో ఉన్నారు సిస్టర్."

"ఒక్క వారానికేనా?"

ఆ పాప సంగతి అడిగాను. "పావు కిలో కాదు, కిలో పెరిగింది" అని చెప్పి బస్సు కోసం పరుగెత్తింది.

గది ఖాళీ అయిన చాలా నెలలకు నా మొదటి ఉత్తరానికి హెడ్డాఫీసు నుంచి తుది జవాబు వచ్చింది. జాబితా అందనందున గది తెరవడానికి అనుమతి లేదు. తాత్కాలిక ఏర్పాటును ప్రస్తుతానికి కొనసాగించవలెను. తాళంచెవి భద్రత దృష్ట్యా రిజిస్టర్డ్ పోస్టులో పంపవలెను.

నా సర్వీసులో నేను సంతోషంగా రాసిన ఉత్తరం ఒక్కటే. తాళంచెవి ఊరివారి దగ్గర ఉంది, కావలసినవారు స్వయంగా వెళ్ళి అడగాలి అని రాశాను. వెళ్ళేవారు బజారులో రెండు యంగోనా కట్టలు కొనుక్కోవాలి, ఒకటి రావడానికి, ఒకటి వెళ్ళడానికి. పోస్టులో పంపితే చెల్లవు అని కూడా రాశాను.

ఎవరూ రాలేదు. రాలేదు కనుక, వాళ్ళను పంపించే కష్టం ఊరివాళ్ళకు లేకపోయింది.